పొగ ఖరీదు డిస్పాచర్ కాగితం మీద కనపడాలి

అందరికీ నమస్కారం. వెనకున్నవాళ్లకు వినపడుతోందా? సరే. స్లయిడ్లు తేలేదు, ఏమీ అనుకోకండి. ఒకే ఒక్క లెక్క ఉంది, దానికి బోర్డు చాలు.

రాత్రి రెండు గంటలు. లోడ్ డిస్పాచ్ సెంటర్‌లో, అంటే ఏ కరెంటు ప్లాంటు ఎప్పుడు నడవాలో చెప్పే చోట, ఒక మనిషి కూర్చుని ఉన్నాడు, డిస్పాచర్ అంటారు. ఎదురుగా స్క్రీన్లు, ఒక జాబితా. ఆ జాబితాలో ప్లాంట్ల పేర్లు, పక్కన వెయ్యి యూనిట్లకు ఒక్కొక్కదానికి ఎంత ఖర్చవుతుందో అంకె. పైన చవకది, కింద ఖరీదైనది. డిమాండ్ పెరిగితే కిందికి దిగుతూ ఒక్కో ప్లాంటుకూ ఫోన్ చేస్తాడు, తగ్గితే కింద నుంచి ఆపుకుంటూ వస్తాడు. దీన్నే మెరిట్ ఆర్డర్ అంటారు. ఇప్పుడు చాలాచోట్ల ఫోన్ల బదులు సాఫ్ట్‌వేర్ చేస్తోంది, పద్ధతి మాత్రం అదే. ఇవాళ నేను మాట్లాడబోయేదంతా ఆ జాబితా గురించే. కార్బన్ ధర, కాలుష్య పన్ను, క్యాప్ అండ్ ట్రేడ్, ఇలా ఎన్ని పేర్లు పెట్టినా చివరికి నేను అడిగే ప్రశ్న ఒకటే: ఆ ధర ఆ జాబితాలోకి వచ్చిందా, రాలేదా?

ఎందుకంటే జాబితాలో బొగ్గు ఖర్చు ఉంటుంది, రైలు కిరాయి ఉంటుంది, గ్యాస్ ధర ఉంటుంది. పొగ ఖర్చు ఉండదు. పొగకు ఖర్చు లేదా? ఉంది. ఆస్పత్రిలో ఉంది, ఆస్తమా పిల్లవాడి ఇన్‌హేలర్‌లో ఉంది, ఆమ్ల వర్షానికి చచ్చిన చెరువు చేపల్లో ఉంది, వేడెక్కుతున్న వాతావరణంలో ఉంది. ప్లాంటు బిల్లులో మాత్రం లేదు. ఎద్దు పుండు కాకికి ముద్దు అంటారు చూడండి, అలా. 1920లోనే ఆర్థర్ పిగూ అనే ఇంగ్లిష్ ఆర్థికవేత్త ఈ మాట చెప్పాడు, ఒకడు చేసే పనికి ఇంకొకడు నష్టపోతుంటే ఆ నష్టమంత పన్ను ఆ పని మీదే వెయ్యాలి అని. వందేళ్లు దాటింది. మనం ఇంకా వాదించుకుంటూనే ఉన్నాం.

సరే, లెక్క. బోర్డు మీద రాస్తున్నాను, ఏ దేశపు డబ్బయినా అనుకోండి, అంకెలు మాత్రం చూడండి. బొగ్గు ప్లాంటుకు వెయ్యి యూనిట్ల కరెంటుకి ఇంధనం ఖర్చు 30. గ్యాస్ ప్లాంటుకి 45. జాబితాలో ఎవరు పైన? బొగ్గు. రోజంతా బొగ్గే తిరుగుతుంది, గ్యాస్ సాయంత్రం పీక్ కోసం కాచుకుని ఉంటుంది. ఇప్పుడు పొగ సంగతి చూద్దాం. పాత బొగ్గు ప్లాంటు ఒక్కో యూనిట్‌కీ దాదాపు కిలో కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, అంటే వెయ్యి యూనిట్లకు ఒక టన్ను. వృథా వేడితో కూడా కరెంటు తీసే మంచి కంబైన్డ్ సైకిల్ గ్యాస్ ప్లాంటయితే 0.4 టన్ను, ఇంకా తక్కువే ఉండొచ్చు. టన్నుకు 10 చొప్పున ధర పెట్టామనుకోండి. బొగ్గు 40, గ్యాస్ 49. ఏమన్నా మారిందా? ఏమీ మారలేదు. బొగ్గే పైన. జనం బిల్లు పెరిగింది, ఖజానాకి డబ్బొచ్చింది, చిమ్నీలోంచి అంతే పొగ వస్తోంది. 20 పెట్టండి. బొగ్గు 50, గ్యాస్ 53. ఇంకా మారలేదు! 25 దగ్గర రెండూ 55, సమానం. 30 పెట్టండి, బొగ్గు 60, గ్యాస్ 57. ఆ రాత్రి రెండు గంటలకు జాబితా తిరగబడింది. అప్పటిదాకా ఏమీ జరగనిది ఒక్కసారిగా జరిగింది. కొత్త ప్లాంటు ఒక్కటి కూడా కట్టలేదు, ఒక్క బల్బు కూడా ఆర్పలేదు, ఉన్న ప్లాంట్లే వరస మార్చుకున్నాయి.

ఇది ఎందుకు ఇంత సాగదీసి చెప్తున్నానంటే, కార్బన్ ధర అనగానే అందరూ ముందు అనేది, కరెంటు ఖరీదు పెంచితే జనం తక్కువ వాడతారు, అదే కదా మీ ప్లాను అని. కాదండీ. కరెంటు ధర పెరిగినంత మాత్రాన రేపే మీరు ఫ్రిజ్ తీసేస్తారా? తియ్యరు. నేనూ తియ్యను. కరెంటు వాడకం ధరకి చాలా నెమ్మదిగా స్పందిస్తుంది, పేదింట్లో అయితే తగ్గించుకోడానికి ఉన్నదే కొంచెం. ఈ పని ముఖ్యంగా జరగాల్సింది మీ స్విచ్ దగ్గర కాదు, ఆ జాబితా దగ్గర, ఆ తర్వాత పాత ప్లాంటు రిపేరు చేయించాలా మూసెయ్యాలా అని బోర్డు మీటింగులో కూర్చుని ఆలోచించే వాళ్ల దగ్గర.

బోర్డు మీద లెక్క బాగానే ఉంటుంది, నిజంగా ఎక్కడైనా జరిగిందా? జరిగింది. బ్రిటన్‌లో. అక్కడి ప్లాంట్లు అప్పటికే యూరోపియన్ యూనియన్ మార్కెట్లో కార్బన్ పర్మిట్లు, అంటే ఇంత పొగ వదలొచ్చన్న అనుమతులు, కొంటున్నాయి, కానీ ఆ ధర మరీ పడిపోయింది. దాంతో 2013 ఏప్రిల్‌లో బ్రిటన్ దాని మీద సొంతంగా ఒక అదనపు పన్ను వేసింది, కరెంటు తయారీకి వాడే ఇంధనం మీద మాత్రమే. టన్నుకు 18 పౌండ్ల దాకా పెంచి అక్కడ ఆపేశారు. నిజానికి 2020కి మొత్తం ధర 30కి తీసుకెళ్తామన్నారు, ధైర్యం చాల్లేదు. అయినా ఏమయిందో చూడండి. 2012లో ఆ దేశం కరెంటులో బొగ్గు వాటా దాదాపు 40 శాతం. 2015లో 22. 2016లో 9. ఒక్క ఏడాదిలో 22 నుంచి 9కి! 2017 ఏప్రిల్ 21న ఒక రోజంతా బొగ్గు కరెంటు లేకుండా గడిచింది. 2024 సెప్టెంబర్ 30న రాట్‌క్లిఫ్ ఆన్ సోర్ అనే చివరి బొగ్గు ప్లాంటు మూతపడింది. 1882లో లండన్‌లో హోల్బర్న్ వయాడక్ట్ దగ్గర మొట్టమొదటి బొగ్గు విద్యుత్ కేంద్రం పెట్టిన దేశం అది.

అదంతా పన్ను మహిమే అని చెప్తే అబద్ధం చెప్పినవాణ్ణవుతాను. అదే సమయంలో గ్యాస్ ధర తగ్గింది, గాలి మరలు పెరిగాయి, పాత ప్లాంట్ల మీద యూరప్ కాలుష్య నిబంధనలు పడ్డాయి, కొన్ని వాటివల్లే మూతపడ్డాయి. కానీ 22 నుంచి 9కి పడ్డ ఆ ఏడాది ఉంది చూశారూ, అది బోర్డు మీద మనం చూసిన తిరగబడడమే. గ్యాస్ చవకయి ఆ తిరగబడే గీత దగ్గరకొచ్చింది, పన్ను దాన్ని గీత దాటించింది. రెండిట్లో ఏ ఒక్కటి లేకపోయినా ఆ ఏడాది అలా ఉండేది కాదు.

ఇప్పుడు దీనికి పూర్తిగా అవతలి వైపు. చిలీ. దక్షిణ అమెరికాలో కార్బన్ పన్ను ముందుగా తెచ్చిన దేశాల్లో ఒకటి, 2014లో చట్టం, 2017 నుంచి అమలు, టన్నుకు 5 డాలర్లు. 5 డాలర్లు తక్కువే, అది పక్కన పెట్టండి. అసలు తమాషా చట్టంలో ఉంది. ప్లాంట్లను వరస పెట్టేటప్పుడు ఈ పన్నుని ఖర్చు కింద లెక్కెయ్యకూడదు అని రాసుకున్నారు. అర్థమయిందా? పన్ను వేశారు, వసూలు చేశారు, డిస్పాచర్‌కు మాత్రం కనపడకుండా కళ్లకు గంతలు కట్టారు! కరెంటు రేటు పెరుగుతుందేమోనని భయం. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ అలా చేశాక 5 డాలర్లు ఉన్నా, 50 ఉన్నా ఆ రాత్రి రెండు గంటలకు జాబితాలో మార్పు రాదు. దాన్ని పన్ను అనండి, కాలుష్యానికి ధర అనకండి.

ఇదే జబ్బు వేరే రూపంలో చాలా దేశాల్లో ఉంది. ఎక్కడైతే కరెంటు మార్కెట్ లేదో, ఇరవై ముప్పై ఏళ్ల ఒప్పందాలు ఉన్నాయో, అయిన ఖర్చంతా టారిఫ్‌లో కలిపి వసూలు చేసుకోవచ్చో, అక్కడ కార్బన్ ధర వేస్తే ప్లాంటు వాడు ఏం చేస్తాడు? బిల్లుని అట్లా పక్కకి జరుపుతాడు. ఆయన జేబులోంచి పోదు, ఆయన ప్లాంటు ఆగదు. నేను ఒకప్పుడు ఇలాంటి కంట్రోల్ రూముల్లో పనిచేశాను, ఏ దేశం ఏ కంపెనీ అన్నది వద్దులెండి. అక్కడ జాబితాలో పైన ఉన్న కొన్ని ప్లాంట్లు చవకవి కావు, ఒప్పందం ప్రకారం తిప్పి తీరాల్సినవి. తిప్పకపోయినా డబ్బు కట్టాలి కాబట్టి తిప్పేవాళ్లం. అలాంటి చోట ధర పెట్టేముందు ఒప్పందం సరిచెయ్యాలి. ఈ ముక్క చెప్పే ఆర్థికవేత్తలు తక్కువ, ఎందుకంటే ఒప్పందాల కాగితాలు చదవడం వాళ్లకి బోరు.

సరే, పన్ను ఒక్కటే కాదు, రెండో దారి ఉంది. ధర పెట్టకుండా మొత్తం పొగకి హద్దు పెట్టడం, మొదట్లో అన్న క్యాప్ అండ్ ట్రేడ్ ఇదే. ఇంతే వదలాలి, దానికి సరిపడా పర్మిట్లు అచ్చేస్తాం, మీలో మీరు కొనుక్కోండి అమ్ముకోండి, ధర దానంతటదే తేలుతుంది. ఇది మొదట పెద్ద ఎత్తున చేసింది అమెరికా, 1990 చట్టంతో, ఆమ్ల వర్షం కోసం, సల్ఫర్ డయాక్సైడ్ మీద. దానికి ముందు వాళ్ల పద్ధతేంటో చెప్తే నవ్వొస్తుంది. కొత్త బొగ్గు ప్లాంటు కడితే సల్ఫర్‌లో ఇంత శాతం తగ్గించే పరికరం పెట్టి తీరాలి, అంటే స్క్రబ్బర్. నా బొగ్గులో సల్ఫర్ అసలే తక్కువండీ అన్నా కుదరదు, పెట్టాల్సిందే. ఎందుకలా? సల్ఫర్ ఎక్కువున్న తూర్పు గనుల బొగ్గు అమ్ముడుపోవాలి కదా. తప్పనిసరిగా స్క్రబ్బర్ పెడితే ఇంక ఎవరైనా దూరం నుంచి మంచి బొగ్గు ఎందుకు తెచ్చుకుంటారు?

పర్మిట్లు వచ్చాక ఆ గొడవ పోయింది. 1995లో మొదలైంది, ముందు 110 పెద్ద ప్లాంట్లతో. ఎలా తగ్గిస్తావో నీ ఇష్టం, చిమ్నీలో మీటర్ పెడతాం, టన్ను ఎక్కువయితే 2,000 డాలర్ల జరిమానా. అంతకుముందు కంపెనీలు చెప్పిన అంచనాల్లో పర్మిట్ ధర వెయ్యి డాలర్లు దాటుతుందన్నవి కూడా ఉన్నాయి. తీరా చూస్తే 1996లో వంద డాలర్ల లోపుకి పడింది. ఏమయిందంటే, 1980లో రైళ్ల మీద నియంత్రణ సడలించారు, కిరాయిలు పడిపోయాయి, వ్యోమింగ్‌లోని పౌడర్ రివర్ బేసిన్ నుంచి సల్ఫర్ తక్కువున్న బొగ్గు దూర ప్రాంతాలకి కూడా చవకగా రావడం మొదలైంది. చట్టం రాసినవాళ్లెవరూ రైలు కిరాయి గురించి ఆలోచించలేదు. ఆలోచించాల్సిన అవసరం కూడా లేకపోయింది, ప్లాంటు మేనేజర్లు ఆలోచించారు. 2010కి ప్లాంట్లన్నీ కలిపి 89.5 లక్షల టన్నుల లోపుకి రావాలన్నది హద్దు, 2007కే దాని కిందకి వచ్చేశాయి. అదే నియమం పెట్టి స్క్రబ్బర్ కొనండి అని ఉంటే స్క్రబ్బర్ కంపెనీలు బాగుపడేవి.

అయితే దీంట్లో ఒక చిక్కు, ఇది మర్చిపోకూడదు. కార్బన్ డయాక్సైడ్ ఎక్కడ వదిలినా ఒకటే, భూమంతటికీ ఒకే గాలి. సల్ఫర్ అలా కాదు. గాలి పెద్ద ఊరి వైపు వీచే చోట ఉన్న ప్లాంటు వదిలే టన్నూ, ఎవరూ లేని చోట వదిలే టన్నూ ఒకటేనా? పర్మిట్ మాత్రం ఒకటే. ఆ గాలి వచ్చి తగిలే రాష్ట్రం వాడు కోర్టుకి వెళ్లాడు, పక్క రాష్ట్రం పర్మిట్లు కొనుక్కుని నా నెత్తిన పొగ పోస్తోంది అని. 2008లో కోర్టు ఆ వాదనకి విలువిచ్చి అప్పటి కొత్త నిబంధనల్ని కొట్టేసింది. ఆ తర్వాత నిబంధనలు రాష్ట్రాల వారీగా బిగిసేసరికి పాత పర్మిట్ ధర దాదాపు సున్నాకి చేరింది. కాబట్టి సూక్ష్మ ధూళి, సల్ఫర్, పాదరసం లాంటివాటికి ధర ఒక్కటే సరిపోతుందని ఎవరన్నా అంటే నమ్మకండి. ముఖ్యంగా పాదరసానికి. దానికి మామూలు హద్దే కావాలి, ప్రతి చిమ్నీకీ.

యూరప్ కథ కొంచెం వేగంగా. 2005లో కార్బన్ మార్కెట్ మొదలుపెట్టారు, పర్మిట్లు చాలావరకు ఉచితంగా పంచారు, అదీ అవసరానికి మించి. 2006 ఏప్రిల్‌లో అసలు పొగ లెక్కలు బయటికొచ్చి, పర్మిట్లు ఎక్కువున్నాయని తెలిసేసరికి 30 యూరోల దగ్గరున్న ధర కొద్ది రోజుల్లోనే సగానికి పడింది, 2007 చివరికి సెంట్లలోకి వెళ్లింది. ఇక్కడ నన్ను చాలామంది అడిగే ప్రశ్న, ఉచితంగా ఇచ్చినవాటికి కరెంటు కంపెనీలు జనం దగ్గర డబ్బెందుకు వసూలు చేశాయి? మోసమా? మోసం కాదండీ. మీకు క్రికెట్ మ్యాచ్ టికెట్ ఊరికే వచ్చింది, బయట దానికి మంచి ధర పలుకుతోంది. మీరు మ్యాచ్‌కి వెళ్తే ఆ డబ్బు పోగొట్టుకున్నట్టే కదా. ప్లాంటు వాడిదీ అదే లెక్క. పర్మిట్ వాడి పొగ వదిలితే, అమ్మితే వచ్చే డబ్బు పోయినట్టు. అందుకని ఆ ధర కరెంటు రేటులో కలిపాడు. చూడండి, జాబితాకి మాత్రం ధర సరిగ్గానే చేరింది! ఆ డబ్బు చేరిన చోటే తప్పు. సొమ్మొకడిది సోకొకడిది. జనం కట్టారు, కంపెనీల లాభాలు పెరిగాయి. 2013 నుంచి కరెంటు కంపెనీలు చాలావరకు వేలంలో కొనుక్కోవాలన్నారు, 2019 నుంచి మిగిలిపోయిన పర్మిట్లను పక్కకు తీసే ఏర్పాటు పెట్టారు. 2023 ఫిబ్రవరిలో ధర వంద యూరోలు తాకింది.

స్వీడన్ ఇంకోలా చేసింది, నాకు అన్నిటికన్నా నచ్చింది అదే, అందుకే కొంచెం ఎక్కువ మాట్లాడతాను. 1992లో నైట్రోజన్ ఆక్సైడ్ల మీద కిలోకి 40 క్రోనర్లు వేశారు. చాలా ఎక్కువ అది. కానీ వసూలైన డబ్బు దాదాపు మొత్తం మళ్లీ ఆ ప్లాంట్లకే తిరిగిచ్చేశారు. పిచ్చి పనిలా ఉందా? తిరిగిచ్చేది ఎంత పొగ వదిలారన్న లెక్కన కాదు, ఎంత శక్తి ఇచ్చారన్న లెక్కన. అంటే యూనిట్‌కి తక్కువ పొగ వదిలేవాడు లాభపడతాడు, ఎక్కువ వదిలేవాడు వాడికి డబ్బు కడతాడు. పరిశ్రమ మొత్తం మీద భారం పడలేదు, అందుకని పెద్ద గోల కూడా లేదు. ఇంకో సంగతి, డబ్బు లెక్క రావాలంటే మీటర్ ఉండాలి, అందుకని ప్రతి బాయిలర్‌కీ ఎప్పుడూ కొలిచే మీటర్ పెట్టారు. ఆపరేటర్ మొదటిసారి తన బాయిలర్ ఏం వదులుతోందో కళ్లతో చూశాడు! గాలి కొంచెం తగ్గిస్తే ఏమవుతోంది, మంట వేడి మారిస్తే ఏమవుతోంది. కొన్ని చోట్ల కొత్త మెషిన్ ఏదీ కొనకుండానే, ఉన్న బాయిలర్‌ని సరిగ్గా నడిపే తగ్గించారు. కాలక్రమంలో యూనిట్‌కి పొగ దాదాపు సగానికి వచ్చింది. మీటర్ పెట్టకుండా ధర గురించి మాట్లాడేవాళ్లని చూస్తే నాకు కోపం వస్తుంది, అందుకే ఇది చెప్పాను.

చైనాది పైకి స్వీడన్‌లాగే కనపడుతుంది. 2021 జులైలో మొదలైంది, మొదట కరెంటు ప్లాంట్లే, రెండు వేలకు పైగా కంపెనీలు, టన్నుల లెక్కన ప్రపంచంలోనే పెద్దది. పర్మిట్లు ఉచితం, ఎంత కరెంటు చేస్తే అన్ని, ఒక ప్రామాణిక అంకె ప్రకారం. తేడా ఎక్కడంటే ఆ అంకె బొగ్గుకి వేరే, గ్యాస్‌కి వేరే. కాబట్టి చెత్త బొగ్గు ప్లాంటు మంచి బొగ్గు ప్లాంటుకి డబ్బు కడుతుంది. గాలి మరకి ఏమీ రాదు. బొగ్గులో మంచి బొగ్గు పైకొస్తుంది, బొగ్గు మాత్రం పెద్దగా కిందకి దిగదు. ఎక్కడో మొదలుపెట్టాలి కదా అంటారు, నిజమే, మీటర్లు వచ్చాయి, అలవాటు వచ్చింది. దాన్ని తక్కువ చెయ్యను.

ఇంక నమ్మకం. ప్లాంటు నలభై ఏళ్లు ఉంటుంది, ప్రభుత్వం అయిదేళ్లు ఉంటుంది, ఇదీ గొడవ. ఆస్ట్రేలియా 2012 జులై 1న టన్నుకు 23 ఆస్ట్రేలియన్ డాలర్లతో ధర తెచ్చింది. ప్రతిపక్షం మొదటి రోజు నుంచీ మేం గెలిస్తే తీసేస్తాం అంది, గెలిచింది, 2014 జులైలో తీసేసింది. ఆ రెండేళ్లలో ఎవరైనా కొత్త ప్లాంటు కడతారా ఆ ధర నమ్ముకుని? ఎవరూ కట్టరు. కానీ టాస్మానియా జలవిద్యుత్ వాళ్లు ఏం చేశారో తెలుసా? ఈ ధర ఉన్నన్నాళ్లే మన నీటికి విలువ అని జలాశయాల్లోంచి గట్టిగా నీళ్లు వాడి కరెంటు అమ్ముకున్నారు. తెలివైన పనే. తాత్కాలిక ధర పెడితే తాత్కాలిక తెలివే పుడుతుంది. ధర పోగానే కరెంటు రంగం పొగ మళ్లీ పెరిగింది.

డబ్బు ఏం చెయ్యాలి అన్నది ఇంకో గంట ప్రసంగం. క్లుప్తంగా నా అభిప్రాయం: తలా ఇంత అని సమానంగా పంచెయ్యండి. ఎక్కువ కరెంటు వాడేది డబ్బున్నవాళ్లు, కాబట్టి సమానంగా పంచితే పేదింటికి కట్టినదానికన్నా ఎక్కువే వస్తుంది. అమెరికా ఈశాన్య రాష్ట్రాలు కొన్ని కలిసి 2009 నుంచి నడుపుతున్న మార్కెట్లో వేలం డబ్బులో పెద్ద భాగం కరెంటు ఆదాకి పెడుతున్నారు, అదీ మంచిదే. ఖజానాలో కలిపేసి మర్చిపోవడం ఒక్కటీ చెయ్యకండి, మరుసటి ఎన్నికల్లో అది పోతుంది.

చివరగా ఒక్కటి, ఇది నాకే ఇంకా తేలనిది. కరెంటు మీద ధర వేసి, ఇంట్లో వంటకీ వేడికీ కాల్చే గ్యాస్ మీద, బండిలో పోసే పెట్రోల్ మీద వెయ్యకపోతే ఏమవుతుంది? కరెంటు ఖరీదు, గ్యాస్ చవక. జనాన్ని కరెంటు వైపు రమ్మని ఒక చేత్తో పిలుస్తూ ఇంకో చేత్తో తోసేసినట్టు. యూరప్‌లో సరిగ్గా ఇదే జరుగుతోంది, ఇళ్ల గ్యాస్‌కి వేరే మార్కెట్ ఇప్పుడు తెస్తున్నారు. ప్లాంట్ల మీద ధర పెట్టడం తేలిక, ఎందుకంటే చిమ్నీలు లెక్కపెట్టొచ్చు. ఇళ్ల మీద పెట్టడానికి చాలామందికి ధైర్యం చాలదు. దీనికి నా దగ్గర మంచి జవాబు లేదు, మీ దగ్గరుంటే వింటాను. మైకు అటివ్వండి, ముందు వరసలో ఆవిడ చాలాసేపటి నుంచి చెయ్యెత్తి ఉన్నారు.